గురుగ్రహం కళ్లు చెదరగొట్టేది ఎందుకు?

కొత్తగా కొన్న ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపును డాబా మీద నిలబెట్టి, దానితోపాటు వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) బిగించి గురుగ్రహం వైపు తిప్పితే మొదట కనిపించేది పట్టీలు కాదు, ఒక తెల్లటి బిళ్ల. దాని చుట్టూ పాలపొగ లాంటి వెలుగు, నాలుగు దిక్కులకూ పొడుచుకు వచ్చిన కిరణాలు, కాస్త ఎడంగా ఒకే వరుసలో నాలుగు చుక్కలు, అంటే దాని ఉపగ్రహాలు. ఫొటోల్లో చూసిన గోధుమరంగు పట్టీలు, ఎర్రమచ్చ ఎక్కడా లేవు. కన్ను పక్కకు తీస్తే చీకట్లో ఆ బిళ్ల నీడ కాసేపు తేలుతూనే ఉంటుంది. మర్నాడు చాలామంది చేసే పని ఒకటే, వెలుగును తగ్గించే మూన్ ఫిల్టర్‌కు ఆర్డరు పెట్టడం.

ఫిల్టర్ వస్తుంది. బిళ్ల మసకబారుతుంది, పట్టీలు ఒకటో రెండో బయటపడతాయి. కానీ చుట్టూ ఉన్న పాలపొగ పోదు. గ్రహంతోపాటు అదీ మసకబారుతుందంతే. మిరుమిట్లు అన్న ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు ఇబ్బందులను కలిపేస్తున్నాం కాబట్టే ఇలా జరుగుతుంది. ఒకటి కంటికి వెలుగు ఎక్కువ కావడం. రెండోది వెలుగు తన చోట ఉండకుండా పక్కకు చిందడం. మొదటిదానికి ఫిల్టర్ పనికొస్తుంది, రెండోదానికి పనికిరాదు. తమాషా ఏమిటంటే మొదటిదానికి కూడా ఫిల్టర్ కన్నా మంచి మందు చాలాసార్లు ఐపీస్ డబ్బాలోనే ఉంటుంది.

గురుడి వెలుగు ఎంత?

గురుడు నిజానికి అంత మెరిసే వస్తువు కాదు. సూర్యుడికి మనకన్నా 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అక్కడ పడే ఎండ మన ఎండలో 27వ వంతే. తన మీద పడిన వెలుగులో సగం దాకా తిప్పి పంపుతాడు, చంద్రుడి నేల పంపేది ఎనిమిదో వంతు మాత్రమే. ఈ రెండూ కలిపి లెక్క కడితే, సమాన విస్తీర్ణానికి గురుడి వెలుగు నిండు చందమామ వెలుగులో ఆరో వంతు దాకా వస్తుంది. అంగారకుడిది గురుడి కన్నా సుమారు నాలుగు రెట్లు. శుక్రుడిది గురుడి కన్నా అరవై రెట్ల పైమాటే. శనిది గురుడిలో మూడో వంతు కూడా ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎంత పెద్ద టెలిస్కోపైనా, విస్తీర్ణం ఉన్న వస్తువును మామూలు కంటికి కనిపించే దానికన్నా ఎక్కువ కాంతివంతంగా చూపలేదు. అద్దం వెలుగును ఎక్కువగా పోగుచేస్తుంది, నిజమే. కానీ పెంచిన బొమ్మ మీద ఆ వెలుగును పరిచేస్తుంది కూడా. అంటే ఐపీస్‌లో కనిపించే గురుడు ఏ పరిస్థితిలోనూ, చదరపు మిల్లీమీటరు లెక్కన, వెన్నెల రాత్రి చందమామను మించడు. ఆరుబయట మంచం వేసుకుని చందమామను గంటలకొద్దీ చూసిన కళ్లే ఐపీస్ దగ్గర చెదిరిపోతున్నాయంటే తేడా గ్రహంలో లేదు. చుట్టూ ఉన్న కటిక చీకటిలోనూ, ఆ చీకటికి అలవాటుపడిన కంటిలోనూ ఉంది.

కంటిపాప చీకట్లో బాగా విచ్చుకుంటుంది. యువకుల్లో 7 మిల్లీమీటర్ల దాకా, వయసు మీరినవారిలో 5 దాకా. ఆ తరువాత ఇరవై ముప్పై నిమిషాల్లో రెటీనాలోని కడ్డీ కణాలు పనిలోకి దిగుతాయి. మసక వెలుగును పట్టుకోవడంలో వీటికి సాటి లేదు, కానీ వీటికి రంగు తెలియదు, సన్నటి వివరం అంతకన్నా తెలియదు. రంగూ వివరమూ చూసేది శంకు కణాలు, వాటికి వెలుగు కావాలి. నెబ్యులాల కోసం చీకటికి కళ్లను అలవాటు చేసుకోవాలన్న సలహాను గ్రహాలకు కూడా పాటిస్తే ఫలితం తలకిందులవుతుంది. గ్రహం చూసే కన్ను వెలుగుకు అలవాటుపడిన కన్నుగా ఉండాలి. ఐపీస్ దగ్గరికి వెళ్లే ముందు టార్చి వేసి తెల్లకాగితాన్ని అర నిమిషం చూడటం, పక్కగదిలో లైటు వేసి ఉంచడం వంటి చిన్న పనులతోనే పట్టీల గోధుమరంగు పైకి తేలుతుంది. నగరం నడిబొడ్డున, వీధి దీపాల మధ్య గ్రహాలను చూడటం పనికిరాదన్న అపోహ ఇప్పటికీ ఉంది. పాలపుంతకు ఆ దీపాలు శత్రువులే కానీ గురుడికి కావు. ఒక్క షరతు, ఆ వెలుగు పరిసరాల్లో ఉండాలే కానీ నేరుగా ఐపీస్ గాజు మీదా కంటి పక్కనా పడకూడదు. పడుతుంటే తల మీద నల్లగుడ్డ కప్పుకోవడం పాత ఫొటోగ్రాఫర్ల కాలం నుంచి ఉన్న ఉపాయమే.

ఇక ఐపీస్ డబ్బా సంగతి. ఐపీస్ నుంచి కంటిలోకి వచ్చే కాంతిపుంజం మందం ఎంతో తెలుసుకోవడం సులువు, అద్దం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే చాలు. ఎనిమిది అంగుళాలు అంటే 203 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న టెలిస్కోపులో 25 మిల్లీమీటర్ల ఐపీస్, 1200ను 25తో భాగిస్తే వచ్చే 48 రెట్లు పెంచుతుంది, పుంజం 4.2 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల ఐపీస్ 120 రెట్లు, పుంజం 1.7. 6 మిల్లీమీటర్లదైతే 200 రెట్లు, పుంజం 1 మిల్లీమీటరు. బొమ్మ వెలుగు ఈ పుంజం వర్గాన్ని బట్టి ఉంటుంది. 25 తీసి 10 పెడితే గ్రహం వెలుగు 16 శాతానికి పడిపోతుంది. దుకాణాల్లో మూన్ ఫిల్టర్ పేరుతో అమ్మే మామూలు బూడిదరంగు గాజు దాటనిచ్చే వెలుగు 13 శాతం. రెండూ దాదాపు ఒకటే. కాకపోతే ఫిల్టర్ గ్రహాన్ని మసకగా మాత్రమే చేస్తుంది, 10 మిల్లీమీటర్ల ఐపీస్ మసకగా చేస్తూనే రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. 200 రెట్లకు పోతే వెలుగు మొదటి దానిలో పదిహేడో వంతు. అప్పటికి గురుడు కంటికి అయిదు చందమామల వెడల్పు ఉంటాడు. మరి ఫిల్టర్‌తో పనేమిటి?

గాలి నిలకడగా లేని రాత్రి 200 రెట్లు పనిచేయవు, బొమ్మ ఉడుకుతున్న నీళ్లలా కదులుతుంది. డాబా మీద ఈ బాధ మరీ ఎక్కువ. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూనే ఉంటుంది, టెలిస్కోపు ఆ సెగలోంచే చూడాలి. అదే టెలిస్కోపును పెరట్లో మట్టినేల మీదకు దించితే గ్రహం తేటపడటం తరచూ కనిపించేదే. సన్నటి పొగమంచు కమ్మిన రాత్రిని ఎవరూ ఇష్టపడరు కానీ గాలి కదలని అలాంటి రాత్రుల్లో ఒక్కోసారి గురుడు గీసినట్టు కనిపిస్తాడు. మంచే బూడిదరంగు ఫిల్టరులా పనిచేస్తుంది మరి.

గెలీలియో కప్పిన అట్ట, హైగెన్స్ పట్టించిన మసి

ఈ బాధ టెలిస్కోపుతోపాటే పుట్టింది. 1610లోనే గెలీలియో దీన్ని గమనించాడు. నక్షత్రాలు, గ్రహాలు కంటికి తమ అసలు పరిమాణంలో కాకుండా చుట్టూ కిరణాల జుట్టు వేసుకుని కనిపిస్తాయనీ, సంధ్యవేళ తొలిగా తొంగిచూసే చుక్కలు ఎంత పెద్దవైనా చిన్నవిగా ఉంటాయనీ, పట్టపగలు కనిపించే శుక్రుడు చిట్టచివరి తరగతి చుక్కంత ఉంటాడనీ రాశాడు. కిరణాలు గ్రహానివి కావు, చీకటీ కన్నూ కలిసి పుట్టించినవి అన్నమాట. తన ముందు కటకం అంచులను అట్టతో కప్పి నడిమి భాగాన్నే వాడుకోవడం ఆయన ఉపాయం. అప్పటి గాజులో అంచులే ఎక్కువ వంకరగా ఉండేవి.

పదిహేడో శతాబ్దపు డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ శుక్రుడి మీద మచ్చలు వెతకడానికి పొడవాటి టెలిస్కోపు కంటి కటకానికి పొగ పట్టించి చూశాడు. మచ్చ ఒక్కటీ కనిపించలేదు. అది ఆయన తప్పు కాదు, శుక్రుడి మేఘాలు మామూలు వెలుగులో దాదాపు నున్నటి తెల్లగోడే. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. మసిపట్టిన గాజుతో గ్రహణం చూసే అలవాటు మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. హైగెన్స్ మసి శుక్రుడికి. సూర్యుడికి ఆ మసి ఏమాత్రం రక్షణ కాదు. మూన్ ఫిల్టరూ కాదు, ఐపీస్‌కు బిగించే ఏ రంగు గాజూ కాదు.

చిందిన వెలుగు లెక్క

రెండో ఇబ్బంది దగ్గరికి వద్దాం. ఉదాహరణకు గురుడి తెల్లటి పట్టీ వెలుగు 100 అనీ, పక్కనున్న గోధుమ పట్టీ వెలుగు 85 అనీ అనుకుందాం. తేడా 15 శాతం, కంటికి హాయిగా తెలుస్తుంది. ఇప్పుడు ఎక్కడెక్కడో చిందిన వెలుగు ఆ రెండింటి మీదా సమానంగా 30 చొప్పున పరుచుకుందనుకుంటే, 130 పక్కన 115. తేడా 11.5 శాతానికి జారింది. సగం వెలుగును ఆపే బూడిదరంగు ఫిల్టర్ పెడితే 65 పక్కన 57.5. తేడా మళ్లీ 11.5 శాతమే. ఫిల్టర్ గ్రహానికీ పాలపొగకూ ఒకే కత్తెర వేస్తుంది. ఆ పొగను తగ్గించాలంటే అది పుట్టే చోటికే వెళ్లాలి.

పుట్టిన చోటు కనిపెట్టడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. గురుణ్ణి నడిమధ్యన ఉంచి మొదట తలను కాస్త పక్కకు వంచాలి. కిరణాలు తలతోపాటు తిరిగితే దోషం కంటిదే. అస్టిగ్మాటిజం కావచ్చు, తొలిదశ శుక్లం కావచ్చు, కళ్లజోడు మీది వేలిముద్ర కావచ్చు. తరువాత తల కదపకుండా ఐపీస్‌ను దాని గొట్టంలోనే తిప్పాలి. మసకమరక దానితో తిరిగితే మురికి ఐపీస్ మీద ఉంది. రెంటికీ కదలకుండా నాలుగు కిరణాలు అలాగే నిలబడితే అవి గొట్టం మూతి దగ్గర చిన్న అద్దాన్ని పట్టుకున్న నాలుగు రేకులవి. ఇక టెలిస్కోపును మెల్లగా జరుపుతున్నప్పుడు గురుడు ఒకవైపు పోతుంటే పక్కన మసక చుక్క ఒకటి నడిమధ్యకు అవతల ఎదురు దిక్కుకు పోతోందా? అది ఐపీస్ గాజుల మధ్యనో, ఐపీస్‌కూ కంటికీ మధ్యనో అటూ ఇటూ తగిలి వచ్చిన ప్రతిబింబం. గ్రహాన్ని మధ్య నుంచి కాస్త పక్కకు జరిపితే ఆ దెయ్యపు చుక్క గ్రహం మీది నుంచి తప్పుకుంటుంది.

ఈ పరీక్షలో ఎక్కువసార్లు పట్టుబడేది ఐపీస్ పైగాజు. కనురెప్పల వెంట్రుకలు చూసిన ప్రతిసారీ దానికి రాసుకుంటాయి, ఒంటి జిడ్డు పలచటి పొరగా అంటుకుంటుంది. పగటి వెలుగులో పట్టి చూస్తే ఏమీ కనిపించదు. చీకటి గదిలో టార్చి వెలుగును పక్క నుంచి ఏటవాలుగా కొడితే ఆ పొర ఇంద్రధనుస్సు మరకలా బయటపడుతుంది. రబ్బరు బంతితో దుమ్ము ఊది, కటకాలు తుడిచే ద్రవంలో తడిపిన మెత్తటి కాగితంతో మధ్య నుంచి అంచుకు ఒకేసారి తుడిస్తే సరి. చొక్కా అంచుతో పొడిగా రుద్దితే జిడ్డు పోవడం అటుంచి గీతలు మిగులుతాయి, గీతలు శాశ్వతంగా వెలుగును చిమ్ముతాయి.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రతీరపు ఊళ్లలో దీనికి తోడు బూజు. తేమకాలంలో డబ్బాలో మూసి పెట్టిన ఐపీస్ గాజుల మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు మొలుస్తాయి. ఒకసారి పూత మీద మచ్చపడ్డాక తుడిచినా జాడ పోదు. సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరని డబ్బాలో ఉంచడమే దారి, ఆ పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి తేమ పోగొట్టాలి.

పెద్ద అద్దం మీద సన్నటి దుమ్ము గురించి మాత్రం అంత బెంగ అక్కరలేదు. మోతాదు మించి పేరుకున్నప్పుడు, మంచు పట్టినప్పుడు అది పాలపొగను పెంచుతుంది కానీ, ఊరికే కడుగుతూ పోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ. గొట్టం లోపలి గోడలు మెరుస్తున్నాయేమో చూడటం అంతకన్నా ముఖ్యం. పగలు ఐపీస్ తీసేసి, దాన్ని బిగించే ఫోకసర్ రంధ్రంలోంచి చూస్తే, అద్దం బొమ్మ చుట్టూ గొట్టం గోడ తళతళలాడుతూ కనిపించిందంటే రాత్రి వీధిదీపమో చంద్రుడో ఆ గోడకు తగిలి లోపలికి వస్తాయి. చిన్న అద్దానికి ఎదురుగా ఉన్న గోడకు నల్ల మఖమల్ కాగితం అంటిస్తే ఆ వెలుగు చాలావరకు చచ్చిపోతుంది. చవక బార్లోల (ఐపీస్ ముందు బిగించి బొమ్మను ఇంకా పెంచే కటకాలు) లోపలి గొట్టం కూడా ఇలాగే మెరుస్తుంటుంది.

గాజు పూత విషయంలో అంకెలే మాట్లాడతాయి. పూత లేని గాజు ప్రతి ముఖం వద్దా 4 శాతం వెలుగును వెనక్కి తిప్పుతుంది. ఎనిమిది ముఖాలున్న ఐపీస్‌లో దాటేది 72 శాతమే, మిగతాదంతా లోపల తిరుగుతూ పొగగా మారడానికి సిద్ధంగా ఉంటుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఒక్కటి వేస్తే ఆ 4 ఒకటిన్నర దాకా దిగుతుంది, బహుళ పూతలతో అర శాతానికి. పూతలు లేని కాలంలో గ్రహాల పరిశీలకులు మోనోసెంట్రిక్ ఐపీస్‌ను అంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. మూడు గాజులను కలిపి అతికించిన ఆ ముద్దకు గాలి తగిలే ముఖాలు రెండే రెండు. దృశ్యక్షేత్రం సూదిబెజ్జమంత. అయినా శని వలయాలు చూసేవాళ్లకు అది చాలు. ఇప్పటికీ గ్రహాల కోసమైతే నాలుగు గాజుల ఆర్థోస్కోపిక్, ప్లాసిల్ ఐపీస్‌లు ఎన్నో గాజుల వెడల్పాటి ఖరీదు ఐపీస్‌లకు తీసిపోవు.

రంగు గాజులు, అట్టముక్కలు

రంగు ఫిల్టర్ల కథ బూడిదరంగు వాటికి పూర్తిగా భిన్నం. ఇవి 100నూ 85నూ ఒకే నిష్పత్తిలో కోయవు. గురుడి పట్టీలు, ఎర్రమచ్చ నీలి వెలుగును మింగేస్తాయి కాబట్టి లేత నీలం గాజులో, ఫిల్టర్ల నంబర్లలో 80ఏ, అవి ఇంకా నల్లబడతాయి, తెల్ల పట్టీలు తెల్లగానే ఉంటాయి. తేడా పెరిగింది. ఆ గాజు దాటనిచ్చే వెలుగు 30 శాతం చిల్లర, కాబట్టి కంటికి హాయి అన్నది కొసరు. అంగారకుడి నల్లటి ప్రాంతాలకు 21 నంబరు నారింజ, పెద్ద టెలిస్కోపులకు 25 నంబరు ఎరుపు. శుక్రుడి మేఘాల్లో ఏదైనా జాడ వెతకాలంటే 47 నంబరు ఊదా. అది దాటనిచ్చేది 3 శాతమే కానీ శుక్రుడి దగ్గర వెలుగుకు కరువు లేదు. అయితే రంగు గాజుల మీద అంచనాలు మరీ పెంచుకోకూడదు. అవి చూపేది గీతంత తేడా. మొదటిసారి చూసేవారికి నీలం గురుడు వింతగా ఉంటాడు తప్ప గొప్పగా ఉండడు. సహజ రంగులు చెడకుండా కాస్త తేట కావాలనుకునేవారికి నియోడిమియం గాజు మధ్యేమార్గం.

రెండు పోలరాయిడ్ గాజులను ఒకదాని మీద ఒకటి తిప్పుతూ వెలుగును 40 శాతం నుంచి 1 శాతం దాకా మార్చుకునే ఫిల్టర్ చంద్రుడికి, శుక్రుడికి చాలా పనికొస్తుంది. ఒక్క పోలరాయిడ్ గాజుకు ఇంకో ఉపయోగం ఉంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలోని ఆకాశపు వెలుగు ఎక్కువగా ధ్రువీకరణ చెంది, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. గురుడు సూర్యుడికి ఆ దూరంలో ఉన్న నెలల్లో, సాయంసంధ్య వేళ, ఆ గాజును తిప్పుతూ పోతే ఒక స్థానంలో ఆకాశం నల్లబడి గురుడు మిగులుతాడు. శుక్రుడు ఎన్నడూ సూర్యుడి నుంచి 47 డిగ్రీలు దాటి పోడు కాబట్టి ఈ ఉపాయం శుక్రుడి విషయంలో సగమే పనిచేస్తుంది.

టెలిస్కోపు మూతిని అట్టతో కప్పి పక్కగా రంధ్రం చేయడం మరో పాత పద్ధతి. చాలా డాబ్సోనియన్ల మూతకే 50 మిల్లీమీటర్ల చిన్న బిరడా ఉంటుంది, అది తీస్తే చాలు. వెలుగు పదహారో వంతు అవుతుంది, రేకుల కిరణాలు మాయమవుతాయి, మధ్యలో చిన్న అద్దం అడ్డు కూడా ఉండదు. బొమ్మ ఎంతో శుభ్రంగా ఉంటుంది. కానీ ఈ శుభ్రతకు చెల్లించే ధర పెద్దది. ఎనిమిది అంగుళాల అద్దం విడదీయగల వివరం 0.6 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). 50 మిల్లీమీటర్లది 2.3. గురుడి మీద అటూ ఇటూ 5 ఆర్క్ సెకన్లు ఉండే ఎర్రమచ్చ దొరకవచ్చు కానీ, 1 సెకను ఉండే ఉపగ్రహాల నీడ దొరకదు. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు కొని రెండు అంగుళాలతో చూడటం ఏం లెక్క? గాలి మరీ అల్లకల్లోలంగా ఉన్న రాత్రో, పది పన్నెండు అంగుళాల అద్దానికి 100 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టుకున్నప్పుడో తప్ప దీన్ని సిఫార్సు చేయడం కష్టం.

దీనికన్నా ముచ్చటైనది దోమల జాలి ఉపాయం. టెలిస్కోపు మూతికి సరిపడే మూడు వలయాలుగా జాలిని కత్తిరించి, నడుమ అద్దం వ్యాసంలో 90, 78, 55 శాతం మేర రంధ్రాలు చేసి, ఒకదానిపై ఒకటి 30 డిగ్రీలు తిప్పి అమర్చుతారు. అంచుల వైపు వెళ్లేకొద్దీ వెలుగు మెల్లమెల్లగా తగ్గుతుంది, అందువల్ల బిందువు చుట్టూ పుట్టే వలయాలు నీరసిస్తాయి. చిందిన వెలుగు పోదు, రంగురంగుల విసనకర్రలుగా గ్రహానికి దూరంగా వెళ్లి పడుతుంది. ఆకాశం చూడటానికి పెళ్లిపందిరిలా ఉన్నా గ్రహం మీద పొగ తగ్గుతుంది. గాలి బాగున్న రాత్రి దీని అవసరం కనిపించదు, బాగోలేని రాత్రి కొందరు దీన్ని తీయనివ్వరు.

శుక్రుడు వేరే జాతి. సమాన విస్తీర్ణానికి చందమామ కన్నా పది రెట్ల వెలుగు ఉన్న ఏకైక గ్రహం. చీకట్లో వేగుచుక్కను టెలిస్కోపులో చూడటమంటే ఎదురుగా వచ్చే లారీ దీపాన్ని చూడటమే. పైగా అప్పటికి దిగంతానికి దగ్గరగా ఉండి, గాలి ప్రిజంలా పనిచేయడం వల్ల ఒక అంచు ఎర్రగా, ఒక అంచు నీలంగా ఉంటుంది. దీనికి అసలైన మందు పగలే చూడటం. తెల్లవారుజామున పైకి వచ్చిన శుక్రుణ్ణి వదలకుండా పట్టుకుని, తెల్లారాక కూడా చూస్తూ పోతే నీలాకాశంలో ముత్యంలాంటి నెలవంక, ఏ కిరణాలూ లేకుండా కనిపిస్తుంది. గెలీలియో చెప్పిన పట్టపగటి శుక్రుడు అదే. సూర్యుడు గోడ చాటునో చెట్టు చాటునో ఉండేలా టెలిస్కోపును నీడలో పెట్టుకోవడం తప్పనిసరి. సూర్యుడి వైపు ఒక్క క్షణం జారినా కన్ను పోతుంది.

గ్రహాన్నే దాచేయడం

గ్రహం పక్కనున్నది చూడాలంటే పై ఉపాయాలేవీ చాలవు. 1877 ఆగస్టులో అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీలో ఆసఫ్ హాల్ ఉపగ్రహాల కోసం వెతుకుతున్నాడు. చేతిలో ఉన్నది క్లార్క్ కుటుంబం చేసిన 26 అంగుళాల కటకపు టెలిస్కోపు, ఆ రోజుల్లో ప్రపంచంలోని కటకపు టెలిస్కోపులన్నిటిలో పెద్దది. మొదట గ్రహానికి దూరంగా ఉన్న మసక చుక్కలను పరీక్షించాడు, అన్నీ నక్షత్రాలే. 10వ తేదీ నుంచి పద్ధతి మార్చి, గ్రహాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఆ వెలుగు ముద్దలోకే దిగాడు. అంగారకుణ్ణి దృశ్యక్షేత్రపు అంచుకు కాస్త అవతల ఉంచి, ఐపీస్‌ను తిప్పుతూ గ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. మర్నాటి రాత్రి ఒక మసక చుక్క చిక్కింది. దాని స్థానం కొలిచేలోపే పోటోమాక్ నది మీది నుంచి పొగమంచు కమ్మేసింది. మబ్బులు విడిచేసరికి 16వ తేదీ అయింది, చుక్క అంగారకుడితోపాటే కదిలి వచ్చిందని అప్పుడు తేలింది. అది డైమోస్. 17న ఫోబోస్ బయటపడింది. నిరాశపడి మానేయబోతున్న హాల్‌ను భార్య ఏంజెలిన్ స్టిక్నీ పట్టుబట్టి మళ్లీ పంపిందంటారు, ఫోబోస్ మీది అతిపెద్ద బిలానికి ఇప్పుడు ఆమె పేరే.

ఫోబోస్ అంగారకుడి కన్నా లక్షల రెట్లు మసక, గ్రహం అంచు నుంచి ఆ గ్రహం వ్యాసమంత దూరమైనా పోదు. హాల్ పని ఇప్పుడు ఐపీస్‌లోనే చేసుకోవచ్చు. ప్లాసిల్, ఆర్థోస్కోపిక్ లాంటి ఐపీస్‌ల కింది గొట్టం విప్పితే దృశ్యక్షేత్రానికి హద్దు గీసే లోహపు వలయం ఉంటుంది. అల్యూమినియం రేకు నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, అంచు నున్నగా ఉండేలా చూసి, మార్కరుతో నల్లగా పూసి, ఆ వలయానికి అడ్డంగా కొద్దిపాటి జిగురుతో అతికిస్తారు. బొమ్మ ఏర్పడే వలయం తలంలోనే ఉంది కాబట్టి పట్టీ అంచు కంటికి కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. గ్రహాన్ని దాని వెనక్కి జరిపితే చాలు. రేకు బదులు ముదురు నీలం పారదర్శక కాగితం వాడేవారూ ఉన్నారు, గ్రహం పూర్తిగా మాయం కాకుండా మసకగా తెలుస్తుంది కాబట్టి ఉపగ్రహం ఎటువైపు ఉండాలో గురి తప్పదు. శని ఉపగ్రహాలైన ఎన్సిలాడస్, మైమాస్‌లతో చేయి సాధన చేయవచ్చు. అంగారకుడు మళ్లీ అంత పెద్దగా కనిపించేది 2035 సెప్టెంబరులో.

పట్టీ దాచేది గ్రహాన్నే, రేకుల కిరణాలను కాదు. పట్టీ రెండు వైపుల నుంచీ అవి పొడుచుకు వస్తూనే ఉంటాయి, ఫోబోస్ వాటి మీదే కూర్చుంటే పని కాదు. ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, అంటే దాదాపు నాలుగు గంటలకోసారి ఏదో ఒక పక్క గ్రహానికి దూరంగా వస్తుంది. డాబ్సోనియన్‌లో గొట్టాన్ని తిప్పడం కుదరదు కానీ, రాత్రి గడిచేకొద్దీ దానిలో ఆకాశమే మెల్లగా తిరుగుతుంది. కిరణం అడ్డుపడితే గంట ఆగి మళ్లీ చూడటం మేలు. డైమోస్ ఇంకా మసకే అయినా గ్రహానికి దూరంగా ఉంటుంది కాబట్టి చాలామందికి ముందు అదే చిక్కుతుంది, హాల్‌కు చిక్కినట్టే.